నలభై ఐదు దాటినవాళ్ళకి పిలాటిస్ ఒక్కటే చాలా?

ఆరో_ఫేజ్
అందరికీ నమస్కారం. నాకు 49, ఉండేది కేపీహెచ్‌బీలో. బ్యాంకు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. ఏడాదిగా పీరియడ్స్ వాటి ఇష్టం వచ్చినట్టు వస్తున్నాయి, నడుం పట్టేస్తోంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. హైటెక్ సిటీ వైపు ఒక స్టూడియోలో అడిగితే రీఫార్మర్ పిలాటిస్‌కి (స్ప్రింగుల మిషన్ మీద చేసే కసరత్తు) నెలకి ఐదంకెల ఫీజు చెప్పారు. "ఇదొక్కటి చేస్తే చాలు మేడమ్, ఇంక వాకింగ్ కూడా అక్కర్లేదు" అన్నారు. మా వారేమో పార్కులో ఫ్రీగా నడవక ఇదేం పిచ్చి అంటున్నారు. మా చెల్లెలు జిమ్‌కి వెళ్ళి బరువులు ఎత్తమంటోంది. నిజంగా పిలాటిస్ ఒక్కటే సరిపోతుందా? చేసినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

నెక్లెస్‌రోడ్_వాకర్
నా ఓటు మీ వారికే. హీరోయిన్లు ఇన్‌స్టాలో పెడుతున్నారు కాబట్టి జనం ఎగబడుతున్నారు. పొద్దున్నే ఐదున్నరకి నెక్లెస్ రోడ్‌కి రండి, డెబ్భై ఏళ్ళ వాళ్ళు చకచకా నడుస్తుంటారు, వాళ్ళెవరూ స్ప్రింగుల మంచం ఎక్కలేదు. ఒళ్ళు వంగాలంటే మన యోగా ఉంది. అదే సరుకుని ఇంకో పేరు పెట్టి అమ్ముతున్నారు, అంతే.

జారుడుబల్ల
వాకర్ గారూ, చూడకుండా తీర్పు చెప్తే ఎలా అండీ? జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ వాళ్ళు నిర్బంధించిన శిబిరంలో ఉండి ఈ కసరత్తుల్ని పెంచుకుంటూ వచ్చాడు. 1926లో న్యూయార్క్ చేరాక అతని దగ్గరికి వరస కట్టింది సినిమా వాళ్ళు కాదు, దెబ్బలు తగిలిన డాన్సర్లు. ఇన్‌స్టా పుట్టక ముందు సంగతి ఇదంతా.

రీఫార్మర్ అంటే చక్రాల మీద ముందుకీ వెనక్కీ జరిగే పలక, దానికి స్ప్రింగులు. కాళ్ళతో తోస్తాం, చేతులతో పట్టీలు లాగుతాం. తోయడం ఎవరైనా తోస్తారు. స్ప్రింగు వెనక్కి లాగేటప్పుడు పలక దడాలున కొట్టుకోకుండా మెల్లగా తేవాలి, అక్కడ తెలుస్తుంది మన పొట్ట, తుంటి కండరాల సత్తా. నాకు 52. గిన్నెలు తోమడానికి పది నిమిషాలు నిలబడితే నడుం పోయేది. ఇప్పుడు వంటిల్లంతా సర్దుకున్నా ఇబ్బంది లేదు. అక్కా, డబ్బుకి వెనకాడకుండా చేరండి.

డంబెల్_అత్తమ్మ
నడుం నొప్పి తగ్గడం వేరు, బలం రావడం వేరు. ముప్ఫై దాటినప్పటి నుంచీ కండ కరుగుతూనే ఉంటుంది, మెనోపాజ్ దగ్గర ఇంకా జోరందుకుంటుంది. స్ప్రింగు తోస్తే మొదట్లో కొంత బలం వస్తుంది, కాదనను. తర్వాత? బరువు పెంచుకుంటూ పోవాలి కదా. పాతిక కిలోల బియ్యం బస్తా ఆటోలోంచి దింపగలిగితే అదీ ఫిట్‌నెస్. బరువులు ఎత్తితే మగవాళ్ళలా అవుతారని మా వియ్యపురాలి భయం. అంత కండ రావాలంటే ఏళ్ళ తరబడి తిండీ నిద్రా దానికే అంకితం చేయాలి తల్లీ, ఊరికే రాదు.

నల్లకుంట_ఫిజియో
నా క్లినిక్‌కి ఇదే వయసు ఆడవాళ్ళు ఎక్కువ వస్తారు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆయాసం సంగతి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీపీ చూపించుకున్నారా? పీరియడ్స్ గందరగోళంగా ఉన్నప్పుడు రక్తం తగ్గి ఆయాసం వచ్చే కేసులు బోలెడు. అది తేల్చుకోకుండా ఏ క్లాసులోనూ చేరొద్దు.

గుండెకి, ఊపిరికి పిలాటిస్ ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి, దానికి తోడు కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం. శ్రమని మెట్ అనే కొలతతో లెక్కిస్తారు, ఊరికే కూర్చుంటే 1 మెట్. మామూలు పిలాటిస్‌కి సుమారు 3 మెట్‌లు, అంటే ఒక మోస్తరు శ్రమలో అట్టడుగు మెట్టు. వేగంగా నడిస్తే 4 దాటుతుంది. "వాకింగ్ అక్కర్లేదు" అన్న స్టూడియో మాట తప్పు.

నడుం నొప్పికి మాత్రం పిలాటిస్ పనికొస్తుంది. పాత నడుం నొప్పి మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) వాళ్ళు సమీక్షించారు. ఏమీ చేయకుండా ఉండటం కంటే మేలే, కానీ మిగతా వ్యాయామాల కంటే గొప్పదని గట్టిగా చెప్పే ఆధారం లేదన్నారు. జారుడుబల్ల గారి అనుభవం నిజమే, అదే ఫలితం ఇంకో కసరత్తుతోనూ వచ్చి ఉండొచ్చు.

ఇక ఎముకలు. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ పడిపోయి మొదటి కొన్నేళ్ళలో ఎముక సాంద్రత వేగంగా తగ్గుతుంది. ఎముక గట్టిపడాలంటే దాని మీద గట్టి భారం పడాలి. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం జరిగింది, 2018లో అచ్చయింది. మెనోపాజ్ దాటి, ఎముక సాంద్రత తక్కువ ఉన్న 101 మంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఒక జట్టు చేత వారానికి 2 సార్లు, అరగంట చొప్పున, 8 నెలలు భారీ బరువులు ఎత్తించారు, గెంతించారు. నడుము ఎముకల సాంద్రత సుమారు 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన రెండో జట్టుకి 1.2 శాతం తగ్గింది. పక్కనే నిలబడి చూసే కోచ్ ఉన్నారని మర్చిపోవద్దు, యూట్యూబ్ చూసి చేసింది కాదు.

పిలాటిస్‌లో మ్యాట్ మీద మొదట నేర్పేవి హండ్రెడ్, రోల్ అప్, బంతిలా దొర్లడం. అన్నిటిలో వెన్ను ముందుకి వంగుతుంది. వెన్నెముకలో ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉన్నవాళ్ళ మీద 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 89 శాతం మందికి కొత్తగా వెన్ను ఎముకలు నలిగాయి. వెనక్కి వంగేవి చేసినవాళ్ళలో 16 శాతం మందికే.

జారుడుబల్ల
ఫిజియో గారూ, అది నలభై ఏళ్ళ నాటి అధ్యయనం, 59 మంది మీద. వాళ్ళకి అప్పటికే జబ్బుంది. దాన్ని చూపించి అందరినీ భయపెడితే ఎలా? మా టీచర్ ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్ళ చేత రోల్ అప్ చేయించరు. వెనక్కి వంగే స్వాన్, పక్కకి పడుకుని చేసేవి, నిలబడి చేసేవి ఇస్తారు.

నల్లకుంట_ఫిజియో
ఒప్పుకుంటాను. గట్టి ఎముకలున్న మనిషికి రోల్ అప్‌తో ప్రమాదం లేదు. మీ టీచర్ లాంటివాళ్ళ దగ్గరైతే నాకు అభ్యంతరమే లేదు. ఇబ్బందల్లా ఎవరి ఎముకలు బలహీనంగా ఉన్నాయో టీచర్‌కి ఎలా తెలుస్తుందన్నదే. ఎముక పలచబడితే నొప్పి పుట్టదు, స్కాన్ తీస్తేనే బయటపడుతుంది.

నెక్లెస్‌రోడ్_వాకర్
చూశారా! నడక, యోగా చాలని మొదటే చెప్పాను.

నల్లకుంట_ఫిజియో
లేదండీ. నడక గుండెకి మంచిది. వెన్నెముక గట్టిపడటానికి నడక ఒక్కటే పెద్దగా చేసేదేమీ లేదు. యోగాలో పశ్చిమోత్తానాసనం, హలాసనం కూడా వెన్ను ముందుకి వంచేవే, అదే జాగ్రత్త వాటికీ. భుజంగాసనం, శలభాసనం అయితే వెనక్కి వంగేవి. పేరు పిలాటిస్ అయినా యోగా అయినా ఎముకకి తెలియదు.

మలక్‌పేట్_మ్యాట్
మగవాళ్ళు కూడా చదువుతున్నారని ఆగాను, ఇక రాసేస్తున్నా. నేను స్కూల్ టీచర్ని. గట్టిగా తుమ్మినా, నవ్వినా యూరిన్ లీక్ అయ్యేది. స్టాఫ్ రూమ్‌లో జోకులేస్తుంటే లేచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. డాక్టర్ పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయాన్ని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు) వ్యాయామాలు చెప్పారు, ఫిజియో దగ్గర నేర్చుకున్నాను. తర్వాత మా కాలనీలో ఒకావిడ మ్యాట్ పిలాటిస్ చెప్తుంటే చేరాను. మిషన్ లేదు, ఫీజు వందల్లోనే. ఊపిరి వదులుతూ కింది కండరాల్ని పైకి బిగించడం ప్రతి కదలికలో గుర్తు చేస్తారు. ఇప్పుడు నవ్వడానికి భయం లేదు. నడకలో నాకు ఇది దొరకలేదు. ఎవరూ చెప్పుకోరు గానీ ఈ వయసులో ఎంతమందికి ఉందో ఈ బాధ!

డంబెల్_అత్తమ్మ
బాగా చెప్పావమ్మా. బరువులెత్తేవాళ్ళకీ అది కావాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే నాకూ అదే తంటా వచ్చింది, మా కోచ్ ఎత్తేటప్పుడు ఊపిరి వదలమని నేర్పాక తగ్గింది. అందుకని పిలాటిస్ వద్దనను. అదొక్కటే చాలంటేనే ఒప్పుకోను. ప్రోటీన్ సంగతి కూడా చూడండి. మన తార్నాకలోని ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పులుసన్నం, రాత్రి రెండు పుల్కాలతో అది రాదు.

ఆరో_ఫేజ్
అందరికీ థాంక్స్. ఇంకో విషయం అడగాలి. మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. దీనికీ నా వ్యాయామానికీ సంబంధం ఉంటుందా?

నల్లకుంట_ఫిజియో
చాలా ఉంది. అమ్మకో నాన్నకో తుంటి విరిగి ఉంటే పిల్లలకి ఆ ముప్పు ఎక్కువని లెక్క. మీ గైనకాలజిస్టుకి ఈ మాట చెప్పి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి అడగండి. అందులో వచ్చే టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే ఎముక కొంత పలచబడినట్టు. ఆ కాగితం చేతికొచ్చాకే ఫీజు కట్టండి.

జారుడుబల్ల
దీనికి నేనూ సరే. స్టూడియోకి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు వేయండి అక్కా: నా రిపోర్టు చూస్తారా, చూసి నాకు మార్చి చేయిస్తారా? నసిగితే పెట్టేయండి.

ఆరో_ఫేజ్
చేశాను. మొదటి స్టూడియో అమ్మాయి "అందరికీ ఒకటే ఫ్లో మేడమ్, రిపోర్టులేమీ అవసరం లేదు" అంది. కూకట్‌పల్లిలోనే ఇంకో చోట అడిగితే స్కాన్, బీపీ వివరాలు తీసుకురమ్మన్నారు, మ్యాట్ క్లాసులో ఆరుగురికి మించి తీసుకోరట. బ్లడ్ టెస్టులు, డెక్సా శనివారం పెట్టుకున్నాను. అన్నీ బాగుంటే అక్కడ వారానికి రెండు రోజులు, మిగతా రోజుల్లో మా వారితో నడక. బరువులకే దారి తెలియడం లేదు. కేపీహెచ్‌బీ చుట్టుపక్కల నాలాంటివాళ్ళకి మొదటి నుంచి ఓపిగ్గా నేర్పే లేడీ కోచ్ ఎవరైనా ఉన్నారా? ఆఫీసుకి తొమ్మిదిన్నరకల్లా చేరాలి, కాబట్టి పొద్దున్నే అయితే మంచిది.

డంబెల్_అత్తమ్మ
మెసేజ్ పెట్టాను, చూసుకో. ఆరింటి బ్యాచ్ ఉంది. మొదటి నెలంతా ఖాళీ రాడ్‌తోనే చేయిస్తారు, విసుక్కోకు.