ఉగాదికి కొమ్మమూరు కాలువ వెంబడి వెళ్లాలని ఉంది, దారి తెలిసినవాళ్లు చెప్పండి

మాది విజయవాడ. ఉగాది సెలవుల్లో నాన్నగారితో సీతానగరం నుంచి దుగ్గిరాల మీదుగా, కాలువ గట్టు వదలకుండా, అది బకింగ్‌హాం కాలువలో కలిసే పెదగంజాం దాకా కారులో నిదానంగా వెళ్దామనుకుంటున్నాం. కాకినాడ నుంచి మద్రాసుకు సరుకు పడవలు నడిచిన దారి ఇది. ఆయనకి లాకుల దగ్గర నిలబడి ఆ పాత రాతి గోడలు, తలుపులు చేత్తో తడిమి చూడాలని చాలా కోరిక. దారిలో ఆరబోసిన పసుపు, పూతకొచ్చిన వేపచెట్లు ఎలాగూ ఉంటాయి.

నా టెన్షన్ నీళ్ల గురించే. ఆ రోజులకి కాలువ కట్టేస్తారా? దుగ్గిరాల దాటాక గట్టు మీద కారు పడుతుందా? మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన కాసేపు కూర్చునే నీడ ఎక్కడుందో కూడా చెప్పండి, ప్లీజ్.