కింగ్స్‌మిల్ ఇన్‌క్వెస్ట్: పొరుగు దేశపు పోలీసు ఫైళ్లకు అన్నేళ్లు ఎందుకు పట్టింది?

ప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థి, ఇచ్ఛాపురం):
ఉత్తర ఐర్లండ్‌లోని కింగ్స్‌మిల్ దగ్గర 1976 జనవరి 5న, పని ముగించుకుని మినీబస్సులో ఇళ్లకు వెళ్తున్న మిల్లు కార్మికులను దారికాచి ఆపి, పదిమందిని కాల్చి చంపారు. దీనిపై కొత్త ఇన్‌క్వెస్ట్ 2016లో బెల్‌ఫాస్ట్‌లో మొదలై 2024 ఏప్రిల్‌కు గాని ముగియలేదు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం కాగా, సరిహద్దు అవతల వేరే దేశమైన ఐర్లండ్ పోలీసుల దగ్గరున్న ఫైళ్లు అందకపోవడం ఆలస్యానికి ఒక కారణమని చదివాను. మన దగ్గర ఇన్‌క్వెస్ట్ అంటే ఎస్సై వచ్చి, పంచాయతీదారుల సమక్షంలో శవ పంచనామా రాసి, పోస్ట్‌మార్టంకు పంపడమే కదా. అక్కడ ఏళ్లెందుకు పట్టాయి?

జవాబు (విశ్రాంత కోర్టు ఉద్యోగి, శ్రీకాకుళం):
బాబూ, మాట ఒకటే గాని పని వేరు. అక్కడి కరోనర్ (మరణాలపై విచారణ జరిపే అధికారి) సాక్షులను పిలిచి, చనిపోయినవారు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా చనిపోయారన్నది బహిరంగంగా తేలుస్తాడు. ఎవరికీ శిక్ష వేయడు. చిక్కంతా అక్కడే వచ్చింది. దేశాల మధ్య పరస్పర న్యాయ సహాయమంతా ప్రధానంగా నేర విచారణల కోసం ఏర్పడింది, కరోనర్ విచారణ ఆ కోవలోకి రాదు. మీ ఇచ్ఛాపురం ఎస్సైకి పక్క రాష్ట్రం ఒడిశాలోని బరంపురంలో సోదా అవసరమైతే, రెండు వైపులా ఒకే చట్టం ఉంది కాబట్టి అక్కడి స్టేషను అధికారినే కోరవచ్చు. ఐర్లండ్ పోలీసులు పరాయి దేశపు కరోనర్ కోసం సాక్ష్యం ఇవ్వాలంటే మాత్రం అక్కడి పార్లమెంటు 2019లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది.

జవాబు (న్యాయవాది, విజయనగరం):
పెద్దాయన చెప్పిన అడ్డంకి నిజమే గాని, దానిని తొలగించడానికి పట్టిన కాలాన్ని నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. ఫైళ్లు ఇస్తామని ఐర్లండ్ ప్రధాని ఎండా కెన్నీ మాట ఇచ్చింది 2015లో. అయితే తప్పంతా సరిహద్దుదే కాదు: విచారణ మొదలైన కొద్ది రోజులకే, ఈ కేసులో సేకరించిన పాత అరచేతి ముద్రకు పోలిక దొరికిందని ఉత్తర ఐర్లండ్ పోలీసులే ప్రకటించడంతో అది కొంతకాలం నిలిచిపోయింది. నలభయ్యేళ్ల నాటి ముద్రను అంతవరకు ఎవరూ సరిపోల్చలేకపోయారంటే, ఫైలు చేతిలో ఉండడం వేరు, చదవడం వేరు అనిపిస్తుంది. చివరికి ఇది ఐఆర్‌ఏ (ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని పోరాడిన సాయుధ సంస్థ) చేసిన మతవిద్వేషపు హత్యాకాండేనని కరోనర్ తేల్చారు. 2024 మే 1 నాటికి పూర్తికాని ఇలాంటి ఇన్‌క్వెస్టులను నిలిపివేయాలని బ్రిటన్ చట్టం చేసింది; ఆ గడువుకు మూడు వారాలైనా లేనప్పుడు ఈ నిర్ణయం వచ్చింది.

ప్రశ్నించిన విద్యార్థి:
ధన్యవాదాలండీ. మరి మన కస్టడీ మరణాలపై మెజిస్ట్రేట్ జరిపే విచారణకు విదేశీ సాక్ష్యం కావలసివస్తే దారి ఉందా?

జవాబు (విశ్రాంత కోర్టు ఉద్యోగి, శ్రీకాకుళం):
పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) సెక్షను 166ఎ, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షను 112 ప్రకారం, నేర దర్యాప్తులో ఉన్న అధికారి దరఖాస్తు చేస్తేనే కోర్టు విదేశానికి అభ్యర్థన లేఖ పంపుతుంది. మెజిస్ట్రేట్ విచారణ గురించి ఆ సెక్షనులో మాట లేదు. కాబట్టి కేసు కట్టి దర్యాప్తు మొదలైతే తప్ప ఆ దారి తెరుచుకోదని నేను చదువుకున్నంతలో అనుకుంటున్నాను.