సెలెక్ట్ కి 10 మిల్లీసెకండ్లు ఇస్తే 10 కే ఎందుకు లేవట్లేదు?

రాయగడ_కుర్రోడు:
అన్నయ్యలూ ఒక డౌటు. గుణుపురం దగ్గర మావయ్య వాళ్ళ ఉప్పుడు బియ్యం మిల్లుకి రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో టైమర్ కట్టాను, తొట్లో వడ్లు 6 గంటలు నానాక బజర్ మోగాలి. ప్రోగ్రాం సీ లో, లైనక్స్ మీద. బటన్ల డబ్బా సీరియల్ పోర్టుకి ఉంది, సెలెక్ట్ లో (పోర్టుకి ఏదైనా వచ్చేదాకా, లేదా ఇచ్చిన టైం అయ్యేదాకా ఆగే కాల్) 10 మిల్లీసెకండ్లు ఆగుతా, ఏదీ రాకపోతే కౌంటు ఒకటి పెంచుతా, 21,60,000 అయితే 6 గంటలు అయినట్టు. కానీ బజర్ 5 నిమిషాల 20 సెకండ్లు లేటు, మేస్త్రీ గోడ గడియారం చూపించి నీ కంప్యూటర్ కన్నా ఇదే నయం బాబూ అని నవ్వుతున్నాడు. సెలెక్ట్ కి టైం అందించే టైంవాల్ లో మైక్రోసెకండ్ల దాకా ఇస్తున్నాం కదా, మరి ఇదేటి?

పర్లాకిమిడి_పాతకాపు:
టైంవాల్ ని లూప్ లోపలే మళ్ళీ నింపుతున్నావా? లైనక్స్ లో సెలెక్ట్ మిగిలిన టైం అందులో రాసేస్తుంది.

రాయగడ_కుర్రోడు:
నింపుతున్నా అన్నా.

పర్లాకిమిడి_పాతకాపు:
అవున్లే, నింపకపోతే రెండోసారి నుంచి సున్నాయే, బజర్ లేటు కాదు వడ్లు పోయకముందే మోగేది. విషయం ఏటంటే మైక్రోసెకండ్ అన్నది నువ్వు అడిగే యూనిట్ మాత్రమే, 10 అంటే 10 కంటే ముందు లేపను అని కెర్నల్ (లైనక్స్ లోపలి అసలు భాగం) మాట, సరిగ్గా 10 కే లేపుతానని కాదు. మామూలు థ్రెడ్ కి 50 మైక్రోసెకండ్ల టైమర్ స్లాక్, అంటే లేపడంలో సడలింపు, ఉంటుంది, పక్కపక్క టైమర్లని కలిపి ఒకేసారి లేపడానికి. ఆ తర్వాత సీపీయూ దొరకాలి, నీ కోడు నడవాలి. 320 సెకండ్లని నీ కౌంటుతో భాగించు, ఒక్కో తిప్పుకి 150 మైక్రోసెకండ్ల దాకా చిల్లర. బటన్ నొక్కినప్పుడు ఆగిన టైం కౌంటులో పడదు, అది అదనం.

జయపురం_సర్వర్:
పీఆర్‌సీటీఎల్ అనే సిస్టం కాల్ తో స్లాక్ 1 నానోసెకండ్ పెట్టు తమ్ముడూ, సున్నా పెట్టకు, సున్నా పెడితే మళ్ళీ డీఫాల్ట్ కే పోతుంది. ఇదైనా నయం, 2.6.28 కెర్నల్ కి ముందు సెలెక్ట్, దానిలాంటిదే అయిన పోల్, వీటి టైమౌట్లు జిఫీల (కెర్నల్ గడియారం టిక్కుల) లెక్కన నడిచేవి, హెచ్‌జెడ్ (సెకండుకి టిక్కులు) 100 అయితే మెట్టుకి 10 మిల్లీసెకండ్లు.

పర్లాకిమిడి_పాతకాపు:
పెడితే చిల్లర తగ్గుతుంది గానీ పోదు కదా జయపురం గారూ, 21 లక్షల సార్లు కూడితే మళ్ళీ నిమిషాలే. తమ్ముడూ, తిప్పులు లెక్కపెట్టడం మానెయ్. మొదట్లోనే మోనోటానిక్ క్లాక్ (టైం మార్చినా గెంతకుండా ముందుకే నడిచే గడియారం) చదివి ముగింపు టైం రాసుకో, ప్రతిసారీ ఇంకెంత మిగిలిందో తీసి సెలెక్ట్ కి అంతే ఇయ్యి. సిస్టం తేదీ-టైం వాడకు, పై 5 కి ముందు మోడళ్ళలో బ్యాటరీ గడియారం ఉండదు, కరెంటు పోయి వచ్చి నెట్ దొరగ్గానే టైం ఒక్క గెంతు గెంతుతుంది.

బరంపురం_బల్ల:
సెలెక్ట్ వదిలి పోల్ కి మాత్రం కళ్ళు మూసుకుని మారకండి. నేనోసారి 500 మైక్రోసెకండ్లని 1000 తో భాగించి పోల్ కి ఇచ్చా, అది పూర్ణాంకం, సున్నా అయింది, ఆగకుండా తిరిగి తిరిగి సీపీయూ 100 శాతం, డబ్బా మీద చెయ్యి పెడితే కాలింది. పోల్, అదే కుటుంబంలోని ఈపోల్ వెయిట్ రెండూ మిల్లీసెకండ్లే తీసుకుంటాయి. నానోసెకండ్లు కావాలంటే పీపోల్, ఈపోల్ వైపు అయితే 5.11 కెర్నల్ లో వచ్చిన ఈపోల్ పీవెయిట్2. అయినా నీ వడ్లకి అంత ఎందుకు, టైమర్‌ఎఫ్‌డీ (ఫైల్ లా చదవగలిగే టైమర్) ఒకటి తెరిచి సీరియల్ తో పాటు అదే సెలెక్ట్ లో పడెయ్, చదివితే ఎన్నిసార్లు మోగిందో అదే చెప్తుంది.

రాయగడ_కుర్రోడు:
ముగింపు టైం పద్ధతిలోనే రాశా, కోడు కూడా సగానికి తగ్గింది. నిన్నటి తొట్టికి గడియారం ముల్లుతో పాటే బజర్ మోగింది. మేస్త్రీ ఇప్పుడు తన గడియారమే అర నిమిషం ఫాస్టు అంటున్నాడు.