శంఖం ఊదింది చెవిలోనా, ముందా?

చెవుడుకి చేసిన వైద్యాల చరిత్ర మీద ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాను. చదివినంతసేపూ మన సామెత ఒకటి బుర్రలో తిరుగుతోంది. "చెవిటివాడి చెవిలో శంఖం ఊదినట్టు" అని ఈమధ్య చాలామంది అంటున్నారు. మా ఇంట్లో మాత్రం "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏంటయ్యా అలా కొరుకుతున్నావు అన్నాడట" అనేవాళ్ళు. ఏది సరి?

నా ఓటు "ముందు"కే. చెవి పక్కన పెట్టి ఊదితే అతనికి కనబడదు కదా! ఎదురుగా నిలబడితేనే, బుగ్గలు పూరించి తెల్లటిదేదో నోటికి ఆనించుకున్న మనిషి కనిపిస్తాడు. కొరుకుతున్నాడనుకోవడంలో తప్పేముంది? కన్ను చెప్పింది నమ్మాడు. రెండో సగం తెగ్గొట్టేసరికి చూసే మనిషి పోయి చెవి ఒక్కటే మిగిలింది.

పుస్తకంలోనూ ఇదే వరస. 1724 నాటికి వెర్సాయ్‌లో గియో అనే పోస్ట్‌మాస్టరు, తన చెవుడు తగ్గడానికి వంచిన గొట్టం నోట్లోంచి పోనిచ్చి చెవికి పోయే నాళాన్ని కడుక్కున్నాడు. (చదువుతుంటేనే నాకు గొంతు పట్టేసింది.) ఆయనదంటే సొంత గొంతు. పారిస్ బధిరుల పాఠశాలకి 1800లో డాక్టరుగా వచ్చిన ఇటార్ ప్రయోగాలు పిల్లల మీద. జలగలు పట్టించాడు, చెవులకి కరెంటు పెట్టాడు, కర్ణభేరికి కన్నాలు పొడిచాడు. చెవుడు మాత్రం పోలేదు. ఆ ఆవరణలోనే పిల్లలు చేతులతో హాయిగా కబుర్లాడుకుంటున్నారు! 1880లో మిలాన్‌లో పెద్దలు సభ పెట్టి బడుల్లో ఆ చేతిభాష కూడా వద్దని తీర్మానించారు. చెవిలో ఊదడమంటే అదీ.

వ్యాఖ్యలు:

— "ముందు" అన్నదే పాతది, సార్. మావైపు "కొరుకుతున్నావేటి" అంటారు. "చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినడు" అంటాం చూడండి, ఆ "చెవిలో" వచ్చి ఇందులో కలిసిపోయి ఉంటుంది.

— ఈ కలగాపులగం నాకు తట్టనేలేదు. థాంక్సండీ.

— ఏ రూపంలో అన్నా ఆ సామెత నాకు గుచ్చుకుంటుందండీ. మా బాబుకి కాక్లియర్ ఆపరేషన్ (చెవి లోపల ఒక పరికరం అమర్చి, బయట తీసి పెట్టుకునే మిషను ఇస్తారు) అయింది. మిషను పెట్టగానే గడగడా మాట్లాడేస్తాడనుకున్నారు మావాళ్ళు. స్విచాన్ చేసిన రోజు వాడు భయపడి ఏడ్చాడు, అంతే. నెలల తరబడి స్పీచ్ థెరపీ. ఇప్పటికీ పిలిస్తే ముందు నా పెదాల వంక చూస్తాడు.

— క్షమించండమ్మా, ఈ సామెత గుచ్చుకునేవాళ్ళు చదువుతారని ఆలోచించకుండా రాసేశాను.

— అయ్యో, మిమ్మల్ని అనలేదండీ. "ముందు" అన్నారు కాబట్టే చెబుతున్నాను. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మిషను తీసి సంచిలో పెట్టాం. అక్కడ ఒక జంగం దేవర శంఖం ఊదుతున్నాడు. మావాడు తిన్నగా వెళ్ళి ఆయన బుగ్గ మీద చెయ్యి వేసి, అది ఆగేదాకా తియ్యలేదు.