డీసీఐఎస్‌కి చంక బిళ్ళ కూడా తీయించాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా అత్తయ్యకి 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో డీసీఐఎస్ (పాల నాళం లోపలే ఉన్న తొలిదశ క్యాన్సర్), హై గ్రేడ్ (కణాలు బాగా తేడాగా ఉన్న రకం) అని కోర్ బయాప్సీలో (సూదితో ముక్కలు తీసి చేసే పరీక్ష) వచ్చింది. మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు 4 సెంటీమీటర్ల మేర ఉన్నాయి, చేతికి గడ్డ తగలట్లేదు. చంక స్కాన్ బాగానే ఉంది. బరంపురంలో ఒక డాక్టరు ఆపరేషన్‌తోపాటే సెంటినెల్ నోడ్ (క్యాన్సర్ పాకితే ముందుగా చేరే చంక బిళ్ళ) తీద్దామన్నారు, విశాఖలో ఇంకొకరు అక్కర్లేదన్నారు. క్యాన్సర్ నాళం దాటనప్పుడు చంక జోలికెందుకండీ?

సర్జరీవార్డు:
ఇద్దరూ ఒకే ఆపరేషన్ గురించి చెప్పారా? ముందు అది కనుక్కోండి. రొమ్ము మొత్తం తీసేసేటట్టయితే అదే పూటలో సెంటినెల్ కూడా తీయించుకోవాలి. తీరా ఫైనల్ రిపోర్టులో ఇన్వేసివ్ (నాళం దాటిన క్యాన్సర్) అని తేలితే, రంగు ఎక్కించి ఆ బిళ్ళను వెతకడానికి రొమ్మే ఉండదు. అప్పుడు చంకలోని బిళ్ళలన్నీ తీయాల్సి రావచ్చు. రొమ్ము ఉంచి ఆ భాగమే తీస్తే తొందరేం లేదు, రిపోర్టు చూసుకుని అవసరమైతే రెండోసారి వెళ్లొచ్చు. చుక్కలు చంక వైపు కొసలో ఉంటే మాత్రం ఆ రంగు బిళ్ళకు చేరే లింఫు దారులు కోతతో తెగిపోతాయి. అలాంటప్పుడు ముందే తీయడం మేలు.

స్లైడుబాక్స్:
డీసీఐఎస్ తనంతట తాను చంకకు పాకదు, మీ అనుమానం సరైనదే. చిక్కల్లా బయాప్సీతో. సూదికి వచ్చేవి సన్నటి నాలుగైదు పోగులు, 4 సెంటీమీటర్ల మేరలో మిగతాదంతా ఎవరూ చూడలేదు. కోర్‌లో డీసీఐఎస్ అన్న ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఆపరేషన్ తర్వాత ఇన్వేసివ్ బయటపడుతుంది. హై గ్రేడ్, 2 సెంటీమీటర్లు దాటిన సైజు ఆ అవకాశాన్ని పెంచుతాయి, మీ వాళ్లకి రెండూ ఉన్నాయి. రిపోర్టులో ‘మైక్రోఇన్వేజన్’ (కొద్దిగా నాళం దాటింది) అన్న మాట ఉందేమో చూడండి. విశాఖ వెళ్లేటప్పుడు కాగితం ఒక్కటే కాదు, బయాప్సీ ముక్కల స్లైడ్లు, మైనపు బ్లాకులు, మామోగ్రామ్ సీడీ పట్టుకెళ్లండి.

నాగావళి:
సెంటినెల్ తీయించుకుంటే సాధారణంగా ఒకటి నుంచి మూడు బిళ్ళలు తీస్తారు. నీలం రంగు వాడితే ఒకట్రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తుంది, భయపడకండి. డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, మిథిలీన్ బ్లూతో వాటికి పడదు. చెయ్యి వాపు నూటికి అయిదారుగురికి రావచ్చు. చంక బిళ్ళలన్నీ తీస్తే దాదాపు ఇరవై మందికి.

మహేంద్రతనయ:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. బరంపురంలో రొమ్ము మొత్తం తీస్తామన్నారట, విశాఖలో భాగమేనట. మరి భాగమే తీయిస్తే?

సర్జరీవార్డు:
అయితే ఇద్దరి మాటా సరైనదే. భాగం తీస్తే చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్లు శుభ్రమైన అంచు రావాలి, లేకుంటే మళ్లీ కోయాలి. 4 సెంటీమీటర్లకు రొమ్ము సైజు సరిపోతుందా అన్నది సర్జన్ చేత్తో చూసి చెప్పాలి. ఆ తర్వాత రేడియేషన్ మామూలుగా మూడు వారాలపైనే, వారానికి అయిదు రోజులు. పర్లాకిమిడి నుంచి రోజూ తిరగడం అవ్వదు, విశాఖలో ఉండటానికి చోటు ముందే చూసుకోండి.