సరస్సు ఒడ్డున ఆర్వీ: 30 యాంప్ కరెంటుంది, సీవర్ లేదు, నాలుగు రాత్రులు ఎలా?

తొలిమజిలీ

వేసవి సెలవుల్లో 28 అడుగుల క్లాస్ సీ మోటార్‌హోమ్ (వంటగది, పడకలుండే ఆర్వీ బండి) అద్దెకు తీసుకుని, అమెరికాలో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (సైన్యపు ఇంజనీర్ల విభాగం) నడిపే ఒక రిజర్వాయర్ దగ్గర నాలుగు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. నలుగురు పెద్దలం, ఆరేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలు ఇద్దరు. సైటులో 30 యాంప్ కరెంటు, కుళాయి ఉన్నాయి. సీవర్ (మురుగునీటి) కనెక్షన్ లేదు, ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ గేటు దగ్గరుంది. బండిలో గ్రే (స్నానం, గిన్నెల నీళ్లు), బ్లాక్ (టాయిలెట్) ట్యాంకులు చెరి 30 గ్యాలన్లు. నీటి ఒడ్డునే సైటు దొరికితే బాగుండునని ఉంది. ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? ఏసీ ఆగకుండా, ట్యాంకులు పొంగకుండా నెట్టుకురావడం ఎలా?

గట్టుమీదచెట్టు

ముందు నీటిమట్టం చూడండి. ఆ రిజర్వాయర్లు చాలావరకు వరద నియంత్రణకు కట్టినవి. వసంతంలో గట్టి వానలు పడితే ఒడ్డు సైట్లే ముందు మునుగుతాయి, బుకింగులు రద్దవుతాయి. ఎండలు ముదిరాక మట్టం దిగితే అదే సైటు ముందు నీళ్లకు బదులు బురద మిగులుతుంది. సరస్సు మామూలు మట్టమెంతో, ఇవాళ్టి మట్టమెంతో కోర్ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. బుక్ చేసేటప్పుడొకసారి, బయల్దేరే వారంలో ఇంకోసారి పోల్చి చూసుకోండి.

బుకింగ్ వెబ్‌సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో చాలా క్యాంప్‌గ్రౌండ్ల సైట్లు ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి. వారాంతపు ఒడ్డు సైట్లు ఎక్కువసేపు ఆగవు. ప్రతి సైటు పేజీలోనూ డ్రైవ్‌వే పొడవు రాసి ఉంటుంది. 28 అడుగుల బండికి కనీసం 35 ఉన్నదే తీసుకోండి. సరిగ్గా 28 ఉన్నచోట ముక్కు రోడ్డు మీద మిగిలిపోతుంది.

ఫొటోలో ఎవరూ పట్టించుకోనిది కరెంటు స్తంభం ఎటువైపుందన్నది. బండి కేబుల్, నీళ్ల కనెక్షన్ డ్రైవర్ వైపు వెనక భాగంలో ఉంటాయి. వెనక్కి పెట్టే సైట్లలో స్తంభాన్ని దానికి తగ్గట్టే పాతుతారు. ముందు అద్దంలోంచి సరస్సు కనబడాలని ముక్కు ముందుగా దూరిస్తే స్తంభం తలుపు వైపుకి వస్తుంది, 25 అడుగుల కేబుల్ చాలదు, ఆనింగ్ (తలుపు వైపు చాపే గుడ్డ పందిరి) కింద కాళ్లకు అడ్డం పడుతుంది.

పడమటి ఎండ పడే సైటు వద్దు. నీటి అంచు కన్నా నీడే ఆ ఏసీకి ఎక్కువ మేలు చేస్తుంది. పడవల ర్యాంపు పక్క సైటూ వద్దు, తెల్లవారకముందే ట్రెయిలర్ల చప్పుడు మొదలవుతుంది.

ఒడ్డు సైట్లు నీటివైపు వాలుతాయి కాబట్టి చక్రాల కింద పెట్టే లెవెలింగ్ బ్లాకులు రెండు సెట్లు పట్టుకెళ్లండి. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా సరిచేయాలి. వెనక జంట చక్రాలు రెండింటి కిందా బ్లాకు ఉండాలి, ఒకదాని కిందే పెడితే బరువంతా ఆ టైరు మీదే పడుతుంది. జాకులున్నా వెనక చక్రాలను నేల వదిలేంత ఎత్తకండి, పార్కింగ్ బ్రేకు పట్టేది ఆ చక్రాలనే. ఫ్రిజ్ గ్యాస్‌తోనూ నడిచే రకమైతే బండి వాలితే లోపలి అమ్మోనియా ద్రావణం సరిగా తిరగదు. ముందు చల్లదనం తగ్గుతుంది, అలాగే వదిలేస్తే కూలింగ్ యూనిటే పోతుంది.

మూడోబ్రేకర్

కరెంటు లెక్క ఇది. 30 యాంప్, 120 వోల్టులు, అంటే మొత్తం 3,600 వాట్లు. 13,500 బీటీయూ ఏసీ నడుస్తున్నప్పుడు 12 నుంచి 16 యాంపులు లాగుతుంది. మైక్రోవేవ్ సుమారు 13, వాటర్ హీటర్ కరెంటు మీద 12, హెయిర్ డ్రయ్యర్ 12, బ్యాటరీ చార్జింగ్‌కి ఇంకొన్ని. కాబట్టి ఏసీతో పాటు పెద్దది ఒక్కటే. హీటర్‌ను, ఫ్రిజ్‌ను గ్యాస్‌కి మార్చేస్తే సగం తగాదా తీరిపోతుంది.

బ్రేకర్ పడటం కన్నా వోల్టేజి పడిపోవడం ప్రమాదం. మధ్యాహ్నం అన్ని బండ్ల ఏసీలూ నడుస్తుంటే కొన్నిచోట్ల 105 కిందికి దిగుతుంది. అప్పుడు కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. ప్లగ్గులో పెట్టుకునే చిన్న వోల్ట్‌మీటర్ కొనండి. వోల్టేజి తక్కువైనప్పుడు తనంతట తానే సరఫరా ఆపే ఈఎంఎస్ అనే పరికరం ఉంటే మరీ మంచిది, అద్దె ఇచ్చేవాళ్లను అడగండి. స్తంభం బ్రేకర్ ఆపి, ప్లగ్గు పూర్తిగా నొక్కి, ఆ తర్వాతే వేయాలి. గంట నడిచాక ప్లగ్గు పట్టుకు చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ వదులైందన్నమాట, సైటు మార్చమని అడగండి. ఇంట్లో వాడే సన్న ఎక్స్‌టెన్షన్ తీగ మాత్రం తగిలించకండి.

సీవర్ లేనిచోట ముందు నిండేది గ్రే ట్యాంకు. షవర్ నిమిషానికి రెండు గ్యాలన్లు వదిలితే ఐదు నిమిషాల స్నానానికి పది. ముగ్గురు స్నానం చేస్తే మీ 30 గ్యాలన్లు అయిపోయినట్టే. ఆరుగురూ క్యాంప్‌గ్రౌండ్ స్నానాల గదులే వాడండి. గిన్నెల జిడ్డు ముందే కాగితంతో తుడిచి, రెండు టబ్బుల్లో కడగండి. ఆ నీళ్లు నేల మీద పారబోయడం నిషిద్ధం.

బ్లాక్ ట్యాంకు ఖాళీ చేసిన ప్రతిసారీ రెండు గ్యాలన్ల నీళ్లు, టాయిలెట్ ట్యాంకు మందు వేయాలి. ఫ్లష్‌కి నీళ్లు పిసినారితనంగా వాడితే కింద మలం గడ్డకట్టి కదలదు. వెట్ వైప్స్ ప్యాకెట్ మీద ఏం రాసున్నా వేయొద్దు. లోపలి లైట్లు ట్యాంకు నిండిందని తప్పుగా చూపడం మామూలే, కాగితం సెన్సర్‌కి అతుక్కుంటే అంతే.

డంప్ చేసేటప్పుడు బ్లాక్ ముందు, గ్రే తర్వాత, సబ్బు నీళ్లకు గొట్టం శుభ్రపడుతుంది. చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. అక్కడి కుళాయికి మంచినీళ్ల గొట్టం తగిలించకూడదు.

తొలిమజిలీ

చాలా ఉపయోగం అండీ. నీళ్ల ప్రెజర్ రెగ్యులేటర్ బండి వైపు పెట్టాలా? మధ్యలో ఒకసారి డంప్‌కి వెళ్లక తప్పదా?

మూడోబ్రేకర్

కుళాయి దగ్గరే పెట్టాలి. బండి దగ్గర పెడితే గొట్టం పూర్తి ప్రెజర్ మోస్తుంది, ఎండకు మెత్తబడి పగులుతుంది. 45 పీఎస్‌ఐ దగ్గర ఆపేది చాలు. అందరూ సరస్సుకి వెళ్లేటప్పుడు కుళాయి కట్టేయండి, లోపల ఏ జాయింటు ఊడినా ఇల్లంతా మునుగుతుంది.

మూడో రోజు పొద్దున ఒకసారి డంప్‌కి వెళ్లండి. ఆదివారం పదకొండుకి వెళ్తే గంట క్యూ.

ఈతవద్దుడాక్

పిల్లలున్నారు కాబట్టి ఒక్క సంగతి గట్టిగా చెప్తాను. పడవలు కట్టేసి కరెంటు కనెక్షన్ ఇచ్చే డాక్‌ల దగ్గర ఎవరూ ఈదకూడదు. తీగ పాడైతే కరెంటు నీళ్లలోకి కారుతుంది. మంచినీటి కన్నా మనిషి ఒంట్లో కరెంటు తేలిగ్గా పారుతుంది, కండరాలు బిగిసి మనిషి అరవకుండానే మునుగుతాడు. ఎవరైనా నీళ్లలో కరెంటు తగిలినట్టు జివ్వుమంటోందంటే డాక్ వైపు కాకుండా దూరంగా రమ్మనండి. కాపాడదామని దూకకండి, ముందు డాక్ కరెంటు ఆపి, తేలేదేదైనా విసరండి.

లైఫ్ జాకెట్ వయసుని బట్టి కాదు, బరువుని బట్టి: 30 నుంచి 50 పౌండ్లకు ఒక సైజు, 50 నుంచి 90కి ఇంకొకటి. మీ పిల్లలిద్దరికీ ఒకే సైజు సరిపోకపోవచ్చు. తొడిగి భుజాల దగ్గర పైకి లాగండి, గడ్డం దాటి వస్తే పెద్దది. గాలి నింపే బొమ్మలు దీనికి బదులు కావు, ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తుంటే అవే పిల్లల్ని లాక్కుపోతాయి. రిజర్వాయర్ అంటే మునిగిన లోయ. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో పాత నది గండిలోకి దిగొచ్చు, మొద్దులూ ఉంటాయి. తాళ్లు కట్టిన ఈత స్థలంలోనే ఆడనివ్వండి. చాలాచోట్ల లైఫ్‌గార్డు ఉండరు, పెద్దల్లో ఒకరు ఫోన్ పక్కన పెట్టి చూస్తుండాలి, అరగంటకొకరు మారండి.

నీటి మీద ఆకుపచ్చ రంగు ఒలికినట్టు తెట్టె కనిపిస్తే ఆ రోజు దిగొద్దు, కుక్కనీ దించొద్దు.

ఆనింగ్ సంగతి కూడా. సరస్సు గాలి చెప్పి రాదు. బండి వదిలి ఎటు వెళ్లినా, పడుకునే ముందూ చుట్టేయండి. వానలో ఉంచితే ఒక మూల కిందికి దించండి, లేకపోతే గుడ్డలో నీళ్లు నిలిచి దాని కడ్డీలు వంగుతాయి. అద్దె బండికి ఎక్కువగా విరిగేవాటిలో ఇదొకటి.

గట్టుమీదచెట్టు

కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకండి. యాష్ చెట్లను చంపే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు కట్టెల్లోనే ఊళ్లు మారుతుంది. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర అమ్మేవే కొనండి. ఇంకొకటి, బండి ఎత్తు ఏసీ పైభాగం దాకా టేపుతో కొలిచి, అడుగుల్లో రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. ఒడ్డు సైట్ల మీద కొమ్మలు వంగి ఉంటాయి, వెనక్కి పెట్టేటప్పుడు కింద నిల్చున్న మనిషి చక్రాలతో పాటు పైకీ చూడాలి.