మాట పడతామన్న భయం వల్ల ప్రయోగశాలలో ప్రమాదాలు పెరుగుతాయా?

ప్రశ్న (పరిశోధన విభాగం బాధ్యురాలు, హైదరాబాద్):

నమస్కారం. నగర శివారులోని ఒక ఔషధ పరిశోధనశాలలో పదకొండు మంది కెమిస్టులకు, ముగ్గురు హెల్పర్లకు బాధ్యురాలిగా ఈ మధ్యే చేరాను. గత నెల వ్యర్థాల గదిలో ఒక ప్లాస్టిక్ క్యాన్ అడుగు గుండ్రంగా ఉబ్బి, నేల మీద నిలవలేక ఊగుతూ కనిపించింది. నైట్రిక్ ఆమ్లం వ్యర్థం ఉన్న ఆ క్యాన్‌లోనే ఎవరో ఫ్లాస్కు కడిగిన ఆసిటోన్ అనే ద్రావకాన్ని పోసి, మూత గట్టిగా బిగించారు. ఆ రెండూ కలిస్తే వాయువు పుట్టి క్యాన్ పేలవచ్చు. గది ఖాళీ చేయించి భద్రతా విభాగాన్ని పిలిపించాం. ఎవరికీ ఏమీ కాలేదు. అయితే గాజు సామాను కడిగే హెల్పర్ ఆ సంగతి ఉదయమే గమనించాడని తరువాత తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మొన్న క్యాన్ మీద లేబుల్ లేదని చెబితే నీ పని నువ్వు చూసుకో అన్నారు మేడమ్" అన్నాడు. అతనిది ఒడిశా, గోడ మీది సూచనలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా దగ్గర శిక్షణ, ఆడిట్లు, చెక్‌లిస్టులు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మనుషుల మధ్య మర్యాద లేకపోవడాన్ని భద్రతా లోపంగా యాజమాన్యం ముందు ఎలా పెట్టాలి?

సమాధానం (విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు):

అమ్మా, మీరు 2010 జనవరిలో అమెరికాలోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో జరిగిన పేలుడును వారి ముందు పెట్టండి. నికెల్ హైడ్రజీన్ పర్‌క్లోరేట్ అనే పేలుడు పదార్థాన్ని 100 మిల్లీగ్రాములకు మించి తయారు చేయకూడదన్న పరిమితిని అక్కడ నోటిమాటగానే పెట్టారు. విద్యార్థులు దాదాపు 10 గ్రాములు తయారు చేశారు. ఒకరు దానిని కల్వంలో నూరుతుండగా అది పేలి మూడు వేళ్లు పోయాయి, కంటికి గాయమైంది. అమెరికా రసాయన భద్రతా మండలి 2011లో ఇచ్చిన నివేదిక ఆ విద్యార్థి పొరపాటు దగ్గరే ఆగిపోలేదు. అదే పరిశోధన బృందంలో అంతకుముందు జరిగిన ఘటనల పాఠాలు నమోదై అందరికీ చేరలేదని, భద్రతా విభాగం వారి సూచనలను కొందరు ఆచార్యులు తమ స్వేచ్ఛలో జోక్యంగా భావించారని కూడా చెప్పింది. ముప్పును ముందుగా చూసేది బల్ల దగ్గర నిలబడినవాడే కాబట్టి, అతని నోరు మూయించిన చోట ఎన్ని ఆడిట్లు జరిగినా అవి కాగితాల మీదే ఉంటాయి.

సమాధానం (పరిశోధకురాలు, జర్మనీ):

మర్యాద అంటే మాట తీరు ఒక్కటే కాదని నా విన్నపం. నేను పీహెచ్‌డీ చేసిన చోట చేతి తొడుగులు పెద్ద సైజువే తెప్పించేవారు. వేళ్ల చివర వదులుగా వేలాడే తొడుగుతో సెపరేటింగ్ ఫన్నెల్ (కలవని ద్రవాలను వేరుచేసే గాజు గరాటు) మూత పట్టుకుంటే పట్టు జారుతుంది. చిన్న సైజు అడిగితే "మీ ఆడవాళ్లకు అన్నీ ప్రత్యేకంగా కావాలి" అన్న మాట ఒకసారి విని, మళ్లీ అడగలేదు. ఇంకొకటి: ఔషధ ప్రయోగశాలల్లో నిత్యం వాడే డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే ద్రావకం గర్భస్థ శిశువుకు హాని చేయగలదు. అవయవాలు రూపుదిద్దుకునేది తొలి వారాల్లోనే, కానీ మూడో నెల నిండేదాకా గర్భం సంగతి బయటపెట్టకపోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఉద్యోగానికి ఎసరు వస్తుందన్న భయం కూడా తోడైతే ఏ అమ్మాయి వచ్చి చెబుతుంది? గోప్యంగా చెప్పుకుని పని మార్చుకునే వీలు ఉండాలి.

సమాధానం (షిఫ్ట్ ఇన్‌చార్జ్, విశాఖపట్నం):

రక్షణ కళ్లద్దాలు లేకుండా ఫ్యూమ్ హుడ్ (హానికర ఆవిర్లను బయటకు లాగేసే గూడు) దగ్గరకు వెళ్లేవారిని ఆపకపోతే అది మర్యాద కాదు, ఉపేక్ష. ఆపండి, కానీ పదిమందిలో పరువు తీయకండి. ఒక హెచ్చరిక కూడా చేయాలి: మనుషులు ధైర్యంగా చెప్పడం మొదలుపెడితే నమోదయ్యే ఘటనల సంఖ్య మొదట పెరుగుతుంది. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లపై ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా పరిశోధకురాలు 1996లో ప్రచురించిన అధ్యయనంలోనూ మంచి నాయకత్వం ఉన్న నర్సింగ్ బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు వెలుగులోకి వచ్చాయి. ఆ పెరుగుదల చూసి యాజమాన్యం మీ మీద విరుచుకుపడకుండా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. వ్యర్థాల క్యాన్ల మీద ఇప్పుడు తెలుగు, హిందీ, ఒడియా లేబుళ్లు అంటించాం. ఒడియా పదాలు ఆ హెల్పరే రాసిచ్చాడు. సోమవారం సమావేశంలో మొదట హెల్పర్లు మాట్లాడాకే కెమిస్టులు మాట్లాడాలని నిర్ణయించాం. మొదటి వారం ముగ్గురూ తలవంచుకుని నిలబడ్డారు. నిన్న అతను మూడో హుడ్‌లో గాలి సరిగా లాగడం లేదని, టిష్యూ కాగితం పెట్టి చూస్తే కదలలేదని చెప్పాడు. ఆ హుడ్‌కు తాళం వేయించాను.